ముప్పై అయిదు దాటినోళ్ళు

మా నాయనకు పలక పట్టించింది నేనే. గొప్పకు చెప్పడం లేదు. పట్టించిన తొమ్మిదో రోజున ఆయన్ని నలుగురిలో తిట్టి లేపేసింది కూడా నేనే. ఆ సంగతి దాచిపెట్టి మిగతాది చెబితే ఇదంతా అబద్ధమవుతుంది.

1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. నేనప్పుడు ఇంటర్ తప్పి ఇంటికాడ ఉండాను. మా మాదిగపాళెంలో పది దాటినోళ్ళం ఇద్దరమే. రెండోవాడు నెల్లూరులో లాడ్జి పనికి పోయాడు. అందుకని వలంటీరును నేనే అయ్యాను. జీతం లేదు. ఒక నల్లబల్ల, పెట్రోమాక్సు లైటు, పలకలు, బలపాలు, వాచకాలు ఇచ్చారు. మండలాఫీసు దగ్గర మూడు రోజులు శిక్షణ పెట్టారు.

ఆ మూడు రోజుల్లో విన్న మాటల్లో రెండు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. ఒకటి: "నిరక్షరాస్యత ఒక జబ్బు. అజ్ఞానమనే చీకట్లో ఉన్నవాళ్ళకు మీరు దీపం పట్టాలి." రెండు: "15 నుంచి 35 లోపు వాళ్ళ పేర్లే రాయండి. 35 దాటినోళ్ళని రాయబాకండి. వాళ్ళకి రాదు. వచ్చినా ఉపయోగం లేదు. ముసలోళ్ళూ పడుచోళ్ళూ ఒకేచోట కూచుంటే ఎవరికీ చదువు రాదు. మన లెక్క చెడిపోద్ది."

1988లో మొదలైన జాతీయ అక్షరాస్యతా మిషన్ గీసిన గీత అది. 15 నుంచి 35. నేను కూడా తలూపి వచ్చాను. మా నాయనకు అప్పటికి 46. మా ఇంట్లో నేను తప్ప అందరూ ఆ గీతకు అవతలే ఉన్నారని ఆ రోజు నాకు తట్టలేదు. చదువుకున్నవాడికి ముందు పోయేది ఈ ఎరికే.

మొదటి రాత్రి చర్చి వరండాలో లైటు వెలిగించాను. 38 మంది వచ్చారు. లెక్కలోకి వచ్చేవాళ్ళు 16 మంది. చంకలో తమ్ముణ్ణి వేసుకొచ్చిన పిల్లలు, గొడ్లకాడి పిల్లలు కలిసి అయిదుగురు. మిగిలిన 17 మందీ 35 దాటినోళ్ళు. వాళ్ళలో మా నాయనుండాడు. ఆయన వెనకాల మా పెద్దమ్మ ఉంది. 65 ఏళ్ళ మనిషి. గోడకానుకుని కూచుని బొడ్లోంచి వక్కాకు తీసింది.

"పెద్దమ్మా, నీకు లేదు. ఇది పడుచోళ్ళకి," అన్నాను.

"ఎవురు చెప్పినారబ్బయా?"

"గవుర్మెంటు."

"గవుర్మెంటుకేం తెలుసు, నేను బడికి ఎన్నేండ్లు ఆలిస్యంగా వొచ్చినానో," అని వక్కాకు నోట్లో వేసుకుంది. లేవలేదు. ఎవరూ లేవలేదు. నేను కూడా లేపలేకపోయాను. అంతే, మా బడి అట్లా మొదలయ్యింది.

మూడు తరాల వాళ్ళు ఒక వరండాలో పలకలు పట్టుకుని కూచుంటే శిక్షణ ఇచ్చినవాళ్ళకు అదొక చిక్కు. ఎవరికి ఏ వేగంతో చెప్పాలి, ఎవరికి ఏ పాఠం పెట్టాలి అని. నాకు కూడా ముందు అది చిక్కే. కానీ పది పదిహేను రోజులు వాళ్ళ మాటలు వింటే వేరే సంగతి బయటపడింది. ఈ 38 మంది ఇక్కడికి ఎందుకు చేరారు? వీళ్ళు చిన్నప్పుడు యాడుండారు?

పెద్దమ్మ చిన్నప్పుడు ఊళ్ళో బడి దేవళం అరుగు మీద ఉండేది. ఆ అరుగు ఎక్కడానికే మావాళ్ళకు లేదు. పేడకళ్ళు ఎత్తడానికి పోయినప్పుడు దూరంగా నిలబడి పిల్లకాయలు ఎక్కాలు వల్లిస్తుంటే వినేది. పదమూడో ఎక్కం దాకా ఆమెకు నోటికొచ్చు. అంకె రాయడం మాత్రం తెలీదు.

మా నాయన కాలానికి బడి అరుగు దిగి పెంకుటింట్లోకి వచ్చింది. మా పిల్లలు రావచ్చన్నారు. కానీ ఆయన ఏడో ఏటనే మా అబ్బ చేసిన అప్పు కింద ఆసామి ఇంట్లో గొడ్లకాడ జీతానికి కుదిరాడు. ఏడాదికి కొన్ని తూముల వడ్లు, ఒక పంచె. బడి తలుపు తెరిచే వేళకు ఆయన గొడ్లను తోలుకుని ఆ బడి ముందు నుంచే పోయేవాడు.

మా మామ మనవరాలికి 16 ఏళ్ళు. ఆ పిల్ల కాలానికి బడి మా పాళెం పక్కకే వచ్చింది. మూడో తరగతి దాకా పోయింది. వరండా చిమ్మేది ఆ పిల్ల, బయట పేడ అలికేది ఆ పిల్ల. తమ్ముడు పుట్టాక వాణ్ణెత్తుకోవడానికి మానేసింది. ఎందుకు రావడం లేదని ఎవరూ అడగడానికి రాలేదు.

ఒకరిని రావద్దన్నారు. ఒకరిని రానివ్వని అప్పులో కట్టేశారు. ఒకరిని రానిచ్చి చీపురు చేతికిచ్చారు. పద్ధతి మారింది. ముగ్గురూ వచ్చి చేరింది ఒకే వరండాకి. దీన్ని జబ్బు అంటారా? జబ్బయితే మనిషికి తనంతట తనకి వస్తుంది. ఇది ఇంకొకరు చేసిన పని. చీకటి అన్నారు. మరి ఆ చీకట్లోకి తోసినవాళ్ళ పేర్లు వాచకంలో ఏ పేజీలో ఉన్నాయి?

మా నాయన పుట్టిన తేదీ ఎవరికీ తెలీదు. స్వాతంత్ర్యం వచ్చినప్పుడు రెండేళ్ళ బిడ్డంట. అంటే రాజ్యాంగం అమల్లోకి వచ్చిన 1950లో ఆయనకు అయిదేళ్ళు. ఆ రాజ్యాంగంలో 45వ అధికరణం ఏం చెప్పింది? పదేళ్ళలోగా, 14 ఏళ్ళు నిండేదాకా పిల్లలందరికీ ఉచితంగా నిర్బంధంగా చదువు చెప్పడానికి ప్రభుత్వం ప్రయత్నించాలని. పదేళ్ళు అంటే 1960. అప్పటికి ఆయనకు 15. ప్రభుత్వం పెట్టుకున్న గడువూ మా నాయన బడి వయసూ సరిగ్గా ఒకటే. ఆ పదేళ్ళూ ఆయన ఆసామి గొడ్ల వెనకాల నడిచాడు.

ఇప్పుడు లెక్క చూడండి. 1991లో 35 దాటినవాళ్ళంతా 1956కు ముందు పుట్టినవాళ్ళు. వాళ్ళలో 35కి, 55కి మధ్య ఉన్నవాళ్ళంతా 14 ఏళ్ళ లోపు వయసు ఎంతో కొంత ఆ మాట ఇచ్చాక గడిపినవాళ్ళే. మాట తప్పింది ప్రభుత్వం. మళ్ళీ వచ్చి, మీకు వయసు దాటిపోయింది, మీరు లెక్కలోకి రారన్నదీ ప్రభుత్వమే. బాకీపడ్డవాడే కాలదోషం పట్టిందని చెప్పినట్టు లేదా ఇది?

జోతిబా ఫూలే, సావిత్రీబాయి 1848లో పూనాలో ఆడపిల్లలకు బడి పెట్టారు. 1855లో కష్టజీవులకు రాత్రిబడి పెట్టారు. మా శిక్షణలో మూడు రోజులూ ఆ పేర్లు వినబడలేదు. నేను వాళ్ళ గురించి చదివింది కారంచేడు తర్వాత వచ్చిన దళిత ఉద్యమం పుస్తకాల్లోనే. ఆ 1991 జనాభా లెక్కల్లో దేశం మొత్తం అక్షరాస్యత 52.21 శాతం. షెడ్యూల్డు కులాలది 37.41. మా ఆడవాళ్ళది 23.76. వందమందిలో 76 మంది మా పెద్దమ్మలే.

ఇక చదువు చెప్పిన సంగతి.

చిక్కు లేదని నేను అనడం లేదు. చాలా ఉంది. మామ ఎదురుగా కోడలు కూచోదు. కూచున్నా నోరు విప్పదు. ఆడవాళ్ళని దక్షిణం గోడకీ మగవాళ్ళని ఉత్తరం గోడకీ తిప్పి కూచోబెట్టాను. వీపులు ఎదురెదురు. నేను మధ్యలో తిరిగేది. ఒకరోజు అందరినీ ఇంట్లోవాళ్ళ పేర్లు రాయమన్నాను. ఒక కోడలు మొగుడి పేరు చెప్పదు. మా పక్క అది ఆనవాయితీ. పలక ముందు పెట్టుకుని చాలాసేపు కూచుని, "నోటితో అనగూడదు గానీ చేత్తో రాస్తే తప్పుందా అబ్బయా?" అని అడిగింది. లేదన్నాను. రాసి, కొంగుతో మూసుకుని, నాకొక్కడికే చూపించి తుడిచేసింది.

పడుచోళ్ళు అక్షరాలు తొందరగా పట్టుకున్నారు. నాలుగు వారాలకే బస్సు బోర్డు చదివారు. పెద్దవాళ్ళు అట్లా కాదు. ఇవాళ పట్టుకున్న అక్షరం రేపటికి జారిపోయేది. పగలంతా మడిలో వంగి నాట్లేసి వచ్చిన కళ్ళకు లైటు వెలుగులో 'మ'కూ 'వ'కూ తేడా ఏం కనపడుద్ది? ఊళ్ళో కళ్ళద్దాలున్న ముసలోళ్ళు చాలామంది. మా పాళెంలో ఒక్కరూ లేరు. వయసు మీద పడితే చదువు రాదని తేల్చినవాళ్ళు కళ్ళద్దాల సంగతి మాత్రం ఎత్తలేదు.

పెద్దమ్మ దగ్గర నేను నేర్చుకున్నాను. ఆమెకు చర్చిలో పాడే కీర్తనలు వందకు పైగా నోటికొచ్చు. పుస్తకం మాత్రం తలకిందులుగా పట్టుకునేది. ఒకరోజు కీర్తనల పుస్తకం సరిగా తిప్పి ఆమె చేతిలో పెట్టి, పాడతా ఉండు, వేలు జరుపుతా ఉండు అన్నాను. ఆమె పాడింది. నేను వేలు పట్టుకుని మాట మాట కిందా జరిపాను. మూడో రోజున ఒకచోట ఆగి, "ఒరే, ఈ మాట కింద కూడా ఉండాదే!" అని రెండు చోట్లా చూపించింది. రెండూ ఒకటే మాట. ఆ మాటలోంచి అక్షరాలు విడదీసుకుంది. పడుచోళ్ళు అక్షరం నుంచి మాటకు పోయారు. ఆమె పాట నుంచి మాటకు, మాట నుంచి అక్షరానికి దిగింది. మా ముసలోళ్ళలో పేపరు చదవగలిగినవాళ్ళంతా అట్లా దిగినవాళ్ళే. ఈ పద్ధతి నాకు శిక్షణలో ఎవరూ చెప్పలేదు. వాళ్ళకు తెలిస్తే గదా!

లెక్కల్లో అయితే నేనే శిష్యుణ్ణి. నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. కళ్ళంలో కొలత కూలీకి ఎంత, ఆసామి కుంచం నెత్తి కొట్టి కొలిస్తే ఎంత పోద్ది అనేది మా పెద్దవాళ్ళు కళ్ళు మూసుకుని చెప్పేవాళ్ళు. పడుచోళ్ళకు కిలోలూ క్వింటాళ్ళూ తెలుసు గానీ కుంచం తెలీదు. పెద్దవాళ్ళు నోటితో చెప్పేది, పడుచోళ్ళు పలక మీద వేసేది. ఇట్లా నడిచింది.

ఇప్పుడు నా తప్పు.

మా నాయన చెప్పులు కుట్టే మనిషి. ఆరె, రంపె పట్టిన వేళ్ళు. ఎద్దుతోలును ఒక్క పోటుతో చీల్చగలడు. ఆ వేళ్ళలో బలపం నిలవదు. ఒత్తితే పుటుక్కున విరిగేది. ఇచ్చిన బలపాలు నెలకు సరిపోవాలి. ఆయన ఎనిమిది రోజుల్లో అన్నీ విరగ్గొట్టాడు. తొమ్మిదో రోజు ఆయన 'ర' రాయలేకపోతున్నాడు. కుర్రోళ్ళు కొందరు ముసిముసిగా నవ్వుతున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. "ఎన్నిసార్లు చెప్పాలి? తలకాయలో మట్టుండాదా? నీకు రాదులే, లేసి పో!" అన్నాను.

ఆ మాట నాది కాదు. నా ఆరో తరగతిలో ఒక అయ్యవారు నన్ను బెంచీ మీంచి లేపి అన్న మాట. అక్షరం అక్షరం అదే. ఆ రోజు ఇంటికొచ్చి ఏడిస్తే, "ఆయన మాట పట్టించుకోబాక, నువ్వు సదువుకో," అని నెత్తి నిమిరింది ఈ నాయనే.

ఆయన ఏమీ అనలేదు. పలక గోడకానించి, తువ్వాలు భుజానేసుకుని పోయాడు. పెద్దమ్మ అందరి ముందూ నన్ను చూసి, "ఒరే, నిన్ను బడికి పంపను ఆయన తోలు కొట్టినాడు గదరా. ఆయన్ని నువ్వు బడి నుంచి లేపినావా?" అంది. ఆ రాత్రి పాఠం చెప్పలేకపోయాను.

ఎనిమిది రోజులు ఆయన రాలేదు. ఇంట్లో మాట్లాడేవాడు గానీ బడి మాట ఎత్తేవాడు కాదు. నేను కూడా క్షమించమని అడగలేదు. మా ఇళ్ళలో కొడుకులు నాయనల్ని అట్లా అడగరు. ఒక పొద్దున ఆయన చెప్పు అడుగు కోస్తుంటే పక్కన కూచున్నాను. తోలు మీద రంపె మొనతో గుండ్రంగా గీసి పైన తలకట్టు పెట్టి, తలెత్తకుండానే, "ఇదేనా నువ్వు చెప్పింది?" అన్నాడు. 'ర'. పలక మీద ఒణికిన చెయ్యి తోలు మీద ఒణకలేదు. ఆ రాత్రి పలక బదులు తోలు ముక్కా, బలపం బదులు ఆరె తెచ్చుకుని కూచున్నాడు. ఆయన నేర్చిన అక్షరాలన్నీ ముందు తోలు మీద దిగినవే.

మనవాళ్ళు, ముఖ్యంగా చదువుకున్న మనవాళ్ళు, ఈ పేజీ దగ్గర కాసేపు ఆగాలి. అగ్రవర్ణ అయ్యవారు మనల్ని అన్న మాట మన నోట్లో భద్రంగా ఉంటుంది. మన అమ్మానాయనల మీద మొదటిసారి బయటికొస్తుంది.

ఆ ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపేశారు. పేపరు మా వరండాకు వచ్చింది. మామ మనవరాలు కూడబలుక్కుంటూ చదివింది. ఒక్కో మాటా ఆగి ఆగి చదవడం వల్ల అది ఇంకా భయంగా వినబడింది. కుర్రోళ్ళు ఆవేశపడ్డారు. పెద్దవాళ్ళు 1985లో కారంచేడు గురించి మాట్లాడుకున్నారు. ఆ రాత్రి వాచకం తెరవలేదు.

తర్వాత వారమే ఆ పిల్ల తాత, మా మామ, బడి అయిపోయినంక ఆగిపోయాడు. బొడ్లోంచి నూనెగుడ్డలో చుట్టిన కాగితం తీశాడు. "ఇదేందో సదవండ్రా," అన్నాడు. మనవరాలే చదివింది. 1972లో ఆయన పేరు మీద ప్రభుత్వం ఇచ్చిన బంజరు భూమి పట్టా. ఎకరా ఇరవై సెంట్లు, చెరువు కింద. ఆ భూమిని 17 ఏళ్ళుగా ఊళ్ళో ఒక ఆసామి సాగుచేసుకుంటున్నాడు. 1974లో కూతురి పెళ్ళికి మామ ఆయన దగ్గర 500 రూపాయలు తీసుకుని, ఒక తెల్లకాగితం మీద వేలిముద్ర వేశాడు. అందులో ఏం రాసుందో తెలీదు. భూమి పోయిందనే అనుకున్నాడు. ఊళ్ళో కూడా అందరూ అట్లాగే అన్నారు.

లెక్క వేశాం. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ. ఏడాదికి 180. అసలుతో 680. ఆ భూమి కౌలుకిస్తే తక్కువలో తక్కువ ఏడాదికి ఒక పుట్టి వడ్లు. అప్పట్లో పుట్టి 600 రూపాయలని పెద్దవాళ్ళు చెప్పారు. పిల్లలు పలక మీద వేశారు. రెండో ఏటికే అప్పు తీరిపోయింది. తర్వాత 15 ఏళ్ళు, 15 పుట్లు ఆసామి గాదెలోకి ఊరికే పోయాయి. వరండాలో ఎవరూ మాట్లాడలేదు. మామ కాగితం మడతపెట్టి, "నేనే అప్పుపడ్డానని పదిహేడేండ్లు ఆయనకు దణ్ణం పెట్టినా గదరా," అన్నాడు.

నెల్లూరులో దళిత సంఘంలో పనిచేసే ఒక వకీలు చెప్పాడు. 1977లో వచ్చిన చట్టం ప్రకారం భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమిని అమ్మడం, తాకట్టు పెట్టడం చెల్లదు. చట్టానికి ముందు జరిగినా చెల్లదు. పద్నాలుగేళ్ళుగా ఆ చట్టం ఉంది. మా పాళెంలో చదవగలిగినవాళ్ళు లేరు. చదవగలిగిన ఊళ్ళోవాళ్ళు చెప్పలేదు.

అర్జీ పెట్టాలా వద్దా అనే దగ్గర తరాలు రెండుగా చీలిపోయాయి. కుర్రోళ్ళు పెద్దవాళ్ళ మీద పడ్డారు. "మీరు అడిగినకాడల్లా ఏలిముద్రలేసి మాకీ గతి పట్టించినారు," అన్నాడొకడు. మా నాయన అప్పటిదాకా మాట్లాడనివాడు లేచాడు. "ఆ ఏలిముద్ర ఏసి తెచ్చిన గింజలే నువ్వు తిని పెరిగింది. అక్షరం వొచ్చిందని అమ్మానాయన్ని అనబాక. ఏపిచ్చుకున్నోణ్ణి అడుగు," అన్నాడు. ఆయన ఆ మాట వాణ్ణి చూసి అనలేదు. నన్ను చూసి అన్నాడు.

చుండూరు జరిగి నెల కాలేదు. పెద్దవాళ్ళ భయం పిరికితనం కాదు. ఎవరి ఇల్లు ముందు తగలబడుద్దో, ఎవరికి పని ముందు ఆగుద్దో వాళ్ళకు తెలుసు. కుర్రోళ్ళకు చట్టం తెలిసింది, పెద్దవాళ్ళకు ఊరు తెలుసు. రెండూ ఒకచోట కూచోకపోతే ఆ అర్జీ పోయేది కాదు. కలుపు సీజను అయిపోయి, చేతిలో కూలి గింజలు పడినంక అర్జీ ఇద్దామన్నారు పెద్దవాళ్ళు. ఒక్క మామ పేరుతో కాకుండా పాళెం అంతా సంతకాలు పెట్టాలన్నారు. అట్లాగే చేశాం.

మండలాఫీసులో గుమస్తా అలవాటుగా ఇంకుప్యాడు ముందుకు తోశాడు. మామ దాన్ని పక్కకు జరిపి, పెన్ను అడిగి, తన పేరు రాశాడు. చాలాసేపు పట్టింది. గుమస్తా విసుక్కున్నాడు. మేం వెనకాల నిలబడి ఒక్కో అక్షరం చూశాం.

తర్వాత జరగాల్సినవి జరిగాయి. ఆసామి మనిషి వచ్చి, "చదువు చెప్పమంటే కాగితాలు చదివిస్తన్నావంట," అన్నాడు. పన్నెండు రోజులు మా పాళేన్ని పనికి పిలవలేదు. లైటుకు కిరసనాయిలు ఆగిపోయింది. ఇంటికొక గరిటె వేసుకుని వెలిగించాం. భూమి మూడేళ్ళ తర్వాత చేతికొచ్చింది. మామ రెండు పంటలు పండించి పోయాడు. ఇప్పుడు దాన్ని చేసుకుంటున్నది ఆ మనవరాలే.

చివర్లో పరీక్ష పెట్టడానికి వచ్చారు. నిమిషానికి 30 మాటలు చదవాలి, ఏడు మాటలు చూసి రాయాలి, అయిదు మాటలు చెబితే రాయాలి. వంద దాకా అంకెలు రావాలి. పెద్దమ్మ పలక తీసుకుని ముందు వరసలో కూచుంది. "నీ పేరు లిస్టులో లేదమ్మా," అన్నారు. "లిస్టులో రాసుకో, నేను చెప్తా, రాసేది నీకు రాదా?" అంది. నవ్వారు గానీ కాగితం ఇవ్వలేదు. మా కేంద్రం కింద రాసుకుపోయిన లెక్క: 16 మందిలో 11 మంది పాసు. 35 దాటిన 17 మందిలో తొమ్మిది మంది చదవడం నేర్చారు. వాళ్ళు ఏ కాగితంలోనూ లేరు. మా మామ సంతకం ప్రభుత్వ ఆఫీసులో అర్జీ మీద ఉంది. ప్రభుత్వ అక్షరాస్యత లెక్కలో మాత్రం లేదు.

1992లో మా జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. వర్ధినేని రోశమ్మ పేరు అందరికీ తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధించారు. అక్షరం ఎంత పని చేసిందో చూడండని రాశారు. నిజమే. అయితే మా పాళెంలో సారా అంగడి ముందు అడ్డంగా కూచున్నది ఎవరు? పెద్దమ్మా, ఆమె ఈడు ఆడవాళ్ళూ. "మమ్మల్ని కొడితే కొట్టండి, మాకింక పెండ్లీడు పిల్లలు లేరు, పోయేదేం లేదు," అని కోడళ్ళని వెనక్కి పంపి తాము ముందు కూచున్నారు. ఆ కోడళ్ళు వాళ్ళని చూసి మళ్ళీ ముందుకొచ్చారు. వరండాలో వీపులు తిప్పుకుని కూచున్నవాళ్ళు అంగడి ముందు పక్కపక్కన కూచున్నారు. లెక్కలో లేనివాళ్ళ పని కూడా కలుపుకునే ప్రభుత్వం గొప్ప చెప్పుకుంది.

ఇదంతా పాత కథ గదా అనొచ్చు. 2009లో వచ్చిన సాక్షర భారత్ 15 దాటిన వాళ్ళందరికీ అంది. 2022లో మొదలైన కొత్త పథకం కూడా అంతే. పైన 35 గీత లేదు. 2010 నుంచి పిల్లలకు చదువు హక్కు చట్టం అమల్లో ఉంది. 2011 లెక్కల్లో మా ఆడవాళ్ళ అక్షరాస్యత 56.46 శాతానికి వచ్చింది. మంచిదే, కాదనను. కానీ తప్పు చేశాం, ఆ వయసువాళ్ళకు బాకీ పడ్డాం అని ఒక్కమాట ఎవరూ అనలేదు. మా నాయన 2003లో పోయాడు. పెద్దమ్మ అంతకుముందే పోయింది. వాళ్ళతో పాటు బాకీ కూడా పోయిందనుకున్నారు.

ఒకప్పుడు మమ్మల్ని వేలిముద్రగాళ్ళని వెక్కిరించారు. కష్టపడి సంతకం నేర్చుకున్నారు మావాళ్ళు. ఇప్పుడు రేషన్ షాపులో సంతకం చెల్లదు, మిషను మీద వేలు పెట్టమంటున్నారు. అరవై ఏళ్ళు నాట్లేసి, కలుపు తీసి, తోలు కోసి అరిగిన వేలు ఆ మిషనుకు అందదు. ఆ వేలు ఎందుకు అరిగిందో అడగరు. మళ్ళీ రండి అంటారు.

ఈ వ్యాసం చదివేవాళ్ళలో చాలామంది విద్యార్థులు, కార్యకర్తలు. మీకు చెప్పేదొకటే. మనం సభల్లో అంబేద్కర్ గురించి గంటసేపు మాట్లాడతాం. ఇంటికిపోయి, మన పేరు అచ్చయిన పుస్తకం అమ్మకు చూపించి, "నీకర్థం కాదులే," అని అల్మారాలో పెట్టేస్తాం. ప్రభుత్వం గీసిన 35 గీతను ఇప్పుడు మనం మన ఇళ్ళలో గీస్తున్నాం. పెద్దవాళ్ళ కోసం వేరే బడి, పిల్లల కోసం వేరే బడి అనబాకండి. వాళ్ళని విడదీస్తే పిల్లలకు అక్షరం వస్తుంది గానీ, ఆ అక్షరంతో దేన్ని చదవాలో తెలీదు. నూనెగుడ్డలో చుట్టిన కాగితం తాతల బొడ్లోనే ఉంటుంది.

మా నాయన అక్షరాలు చెక్కిన తోలు ముక్క నా దగ్గరుంది. దాని మీద ఆయన పేరుంది. చివరి అక్షరం దగ్గర తోలు అయిపోయి కొంచెం కిందికి వంగింది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ నాయన దగ్గర కూచోండి. ఒక పలకో, కాగితమో ఆయన చేతికివ్వండి. ఆయన ఎన్నిసార్లు తప్పు రాసినా నేనన్న మాట మాత్రం అనబాకండి.